పులివెందుల జామీను

ఆ సోమవారం పొద్దున ఆనందయ్య పెట్టుకున్న పని ఒక్కటే. నల్లకోటు ఇస్త్రీ చేయించుకొని, బడి వదిలాక పాలయ్య పాస్టరుగారింటికి వెళ్ళి ఒక నమస్కారం పెట్టి రావడం. నమస్కారానికి కోటెందుకని అడిగేవాళ్ళకు లోకం తెలియదు. జమ్మలమడుగు మిషన్ బడి హెడ్మాస్టరు నెలాఖరుకు దిగిపోతున్నాడు. ఆ కుర్చీ ఎవరిదో శనివారం కమిటీ తేలుస్తుంది. కమిటీకి పాలయ్యగారే పెద్ద. ఆనందయ్య తల నల్లగా ఉన్నప్పటి నుంచీ ఆ కుర్చీ వెనకాలే నిలబడి ఉన్నాడు.

హెడ్మాస్టరుకు కమిటీ చూసేది రెండే. ఒకటి సర్వీసు. రెండోది, అప్పు లేకపోవడం. ఫీజులు, జీతాలు చేతిమీదుగా పోతాయి గనక అప్పులున్న పంతులుకు ఆ కుర్చీ ఇవ్వరు. ఈ రెండో విషయంలో ఆనందయ్యకు ఊళ్ళో పోటీ లేదు. అప్పు చేయకూడదని అతను చక్కెర మానేశాడు. భార్య రత్నమ్మ చెవులకు చీపురుపుల్లలు పెట్టుకొనే కాపురం చేసింది. ఇంత నిక్కచ్చిగా బతికిన మనిషికి ఉన్న బలహీనత ఒక్కటే, సంతకం. అతని సంతకం ముత్యాల్లా ఉండేది. వీధిలో ఎవరు ప్రోనోటు రాసుకున్నా "అయివోరే, ఒక సాక్షి సంతకం" అని వచ్చేవాళ్ళు. అతను చదవకుండా పెట్టేవాడు. చదివితే అవతలి మనిషిని అనుమానించినట్టు అవుతుందని మొహమాటం. పెట్టినందుకు ఒక గ్లాసు కాఫీ, నాలుగు మర్యాద మాటలు. బడిపంతులుకు అవి దొరికే చోట్లు తక్కువ.

ఆ పొద్దున కోటు ఇంకా చాకలి దగ్గరే ఉండగా పోస్టాఫీసు హబీబుల్లా సైకిలు దిగాడు.

"అయివోరే, నీకు పీపీ కాలొచ్చింది. ప్రొద్దుటూరి నుంచి."

అప్పట్లో ఊరికంతా పోస్టాఫీసులో ఒకటే ఫోను. ఫలానా మనిషి కావాలని అవతలివాళ్ళు పేరు చెబితే, హబీబుల్లా వెళ్ళి ఆ మనిషిని పిలుచుకురావాలి. దానికే పీపీ కాల్ అని పేరు. చావు కబురైతే తప్ప ఎవరూ అంత ఖర్చు పెట్టేవాళ్ళు కాదు గనక రత్నమ్మ ముందు ఏడుపు మొదలుపెట్టి తర్వాత అడిగింది.

"ఎవురు పోయినారప్పా?"

"పోయినోళ్ళు ఫోన్ చెయ్యరులేమ్మా. ఎవురో మగమనిషి, బాగనే మాట్లాడతాండాడు."

పోస్టాఫీసు నిండా జనం ఉన్నారు. మనియార్డర్ల రోజు. ఫోను గోడకు ఉంది. లైనులో గాలివాన లాంటి చప్పుడు, గట్టిగా అరిస్తే తప్ప అవతలికి వినపడదు. కాబట్టి ఆనందయ్య మాటలన్నీ జనానికి వినపడ్డాయి, అవతలి మాటలు ఒక్కటీ వినపడలేదు.

"హలో. నేనే, ఆనందయ్యని. ఎవురు? ఏం కంపెనీ? బాకీనా? నాలుగొందలా?"

నాలుగొందలు అన్న మాట తర్వాత కొంతసేపు ఎవరూ తపాలాబిళ్ళలు అడగలేదు.

"నేను తీసుకోల్యాప్పా. సంతకమా? ఏమో, పెట్టింటానేమో. శుక్రవారానికా? మనిషిని మాత్రం పంపించొద్దు, నీకు దండం పెడతా."

ఫోనులో మాట్లాడినవాడు ప్రొద్దుటూరు గజవదన కంపెనీ గుమాస్తాను అని చెప్పుకున్నాడు. గొంతు మెత్తగా, పెండ్లి పిలుపుకు వచ్చినవాడిలా ఉంది. పులివెందుల పార్థసారథి అనే ఆయన తమ దగ్గర నాలుగొందలు తీసుకొని ఎగ్గొట్టాడని, ఆ కాగితం మీద జామీనుగా సంతకం పెట్టింది ఆనందయ్యేనని, శుక్రవారం లోపల డబ్బు తన పేరుకు మనియార్డరు చేయాలని అన్నాడు. చేయకపోతే మనిషి వచ్చి వాకిట్లో కూర్చుంటాడని చివర్లో చెప్పాడు.

ఈ కూర్చోవడం సంగతి ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. వచ్చిన మనిషి తిట్టడు, కొట్టడు. అరుగు మీద కూర్చుంటాడు, అంతే. పచ్చి మంచినీళ్ళు ముట్టడు. అతను తిననంతవరకు ఇంట్లోవాళ్ళూ తినకూడదు. పొయ్యిలో పిల్లి పడుకుంటుంది, వీధంతా వచ్చి చూస్తుంది. కోర్టుకైతే వాయిదాలుంటాయి, దీనికి అవి లేవు.

"నేను సంతకం పెట్టలేదు" అని గట్టిగా ఒక్క మాట అనగలిగితే ఆనందయ్య కథ అక్కడే అయిపోయేది. ఆ మాట గుండెమీద చెయ్యేసుకొని చెప్పగలిగేవాడు ఆ తాలూకాలో చదువుకున్నవాళ్ళలో ఒక్కడూ లేడు. ఈ సంగతి ఆ గుమాస్తాకు బాగా తెలుసు.

ఇంటికొచ్చాక రత్నమ్మ విచారణ మొదలుపెట్టింది.

"ఎవురా పార్థసారథి?"

"తెలీదు."

"తెలీనోనికి సంతకం యాల పెట్టినావు?"

"పెట్టినానో లేదో కూడా తెలీదు."

"పులివెందులలో ఎప్పుడన్నా కాపీ తాగినావా?"

ఆనందయ్య అబద్ధం ఆడలేని మనిషి. ఆలోచించాడు. "పోయినేడు పెండ్లికి పోయినప్పుడు తాగినా."

"అయితే పెట్టినావు పో" అంది రత్నమ్మ.

మంగళవారం పొద్దున పాలు పోసే పార్వతమ్మ చెంబు దించకుండా వాకిట్లోనే నిలబడింది. పాలడబ్బు లెక్క చూసి ఇమ్మంది.

"నెలాఖరుకు కదా పార్వతమ్మా ఇచ్చేది?"

"నెలాఖరుకు మీరీడ ఉంటారో ఉండరో సామీ. నా బర్రెకైతే ఈపొద్దే గడ్డి కావాల."

చాకలి కోటు తెచ్చాడు గానీ కూలి చేతిలో పడేదాకా కోటు మీది చెయ్యి తీయలేదు. బడిలో తోటి పంతుళ్ళు మాట్లాడుతూ మాట్లాడుతూ అతను రాగానే వానల గురించి ఎత్తుకున్నారు. అది చైత్రమాసం.

మధ్యాహ్నం హబీబుల్లా మళ్ళీ వచ్చాడు. ఆనందయ్య తలుపు చాటు నుంచి గుసగుసగా అన్నాడు. "లేనని చెప్పు హబీబూ. ఊరికి పోయినాడను."

హబీబుల్లా ఆ మాటే పోస్టుమాస్టరు విశ్వేశ్వరయ్యకు చెప్పాడు. విశ్వేశ్వరయ్య రూలు తప్పని మనిషి. మనిషి దొరక్కపోతే కాలుకు సర్కారు తక్కువ రుసుం తీసుకుంటుంది. ఉన్న మనిషిని లేడంటే ఆ మేరకు సర్కారుకు నష్టం. ఒక పంతులు పరువు కోసం ఆ పాపం మోయడానికి ఆయన సిద్ధంగా లేడు. అందుకని ఫోనులో, పోస్టాఫీసు ముందరి కిళ్ళీ అంగడికి కూడా వినపడేటట్టు చెప్పాడు.

"ఉన్నారండీ. ఇంట్లోనే ఉన్నారు. లేరని చెప్పమన్నారు."

సాయంత్రానికి ఊరంతటికీ రెండు సంగతులు తెలిసిపోయాయి. ఆనందయ్య బాకీ ఉన్నాడు, పైగా దాక్కున్నాడు.

బుధవారం అతను సెలవు పెట్టి, కోటు తొడుక్కొని ప్రొద్దుటూరు బస్సెక్కాడు. కంపెనీవాళ్ళ కాళ్ళు పట్టుకొనైనా శనివారం దాటేదాకా గడువు అడగాలని అతని ఆలోచన. అప్పులిచ్చేవాళ్ళంతా ఉండే బంగారంగళ్ళ వీధిలో ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిరిగాడు. గజవదన కంపెనీ యాడ ఉందో ఎవరికీ తెలియదు.

"ఏం పని మీదప్పా?" అని ఒక అంగడాయన అడిగాడు.

"బాకీ ఉండానంట. ఎవురికో కనుక్కుందామని."

అంగడాయన వెంటనే లేచి చాప పరిచాడు. "కంపెనీ పేరుదేముంది మామా, ఇయ్యాలనుకున్నోనికి ఏ అంగడైతేనేం? కూర్చో, చల్లగా మజ్జిగ తాగు. దుడ్లు తెచ్చుకున్నావా?"

పక్క అంగడివాళ్ళు కూడా మర్యాద తగ్గించలేదు. తన బాకీ ఎవరిదని వెతుక్కుంటూ వచ్చిన మనిషిని ఆ వీధి అంతకుముందు చూసి ఉండలేదు. ఒకాయన, మా నాయన కాలంలో జమ్మలమడుగాయన ఎవరో ఎగ్గొట్టినాడు, నువ్వు ఆయన కొడుకువేనా అని అడిగి ఇంటి గుర్తులు కనుక్కున్నాడు. అంగడంగడికీ చేతులు జోడిస్తూ బయటికి వస్తున్న ఆనందయ్యను, కమ్మల మరమ్మతుకు వచ్చిన పాస్టరమ్మ దీవెనమ్మ చాలాసేపటి నుంచి చూస్తూ ఉంది.

"ఏమన్నా, ఈడ తిరుగుతాండావు?"

"ఏం లేదమ్మా. నా బాకీ ఏ అంగట్లో ఉందో కనుక్కుంటాండా."

"అన్ని అంగళ్ళలోనూనా?" అంది దీవెనమ్మ. ఇద్దరూ ఒకే బస్సులో తిరిగి వచ్చారు. దారిపొడుగునా ఆమె అతని కోసం మనసులో ప్రార్థన చేస్తున్నట్టు కండ్లు మూసుకొనే ఉంది.

ఆనందయ్యకు మాత్రం గుండెల్లో బరువు దిగింది. కంపెనీయే లేదు, కాబట్టి బాకీ లేదు, ఎవడో దొంగ ఆడిస్తున్నాడు. బస్సు దిగగానే కనపడినవాళ్ళందరికీ ఈ మాట చెప్పాడు. ఊరు ఓపిగ్గా విని, తన అర్థం తాను తీసుకుంది. లేని కంపెనీకి బాకీ ఎట్ల పడినాడని కొందరు అడిగారు. కంపెనీ ఉండేదే, ఈయన ఎగ్గొట్టబట్టే మునిగిపోయిందని తెలిసినవాళ్ళు చెప్పారు. మునిగిన కంపెనీ మీద ఊరికి జాలి కూడా కలిగింది.

శుక్రవారం పొద్దున మొదటి బస్సు వచ్చిన కాసేపటికి ఒక పెద్దమనిషి ఆనందయ్య ఇంటి ముందు ఆగాడు. నుదుట నామం, చేతిలో గొడుగు, చంకలో గుడ్డసంచి.

"ఆనందయ్యగారిల్లు ఇదేనామ్మా?"

"ఇదే" అంది రత్నమ్మ.

అతను గొడుగు గోడకు ఆనించి అరుగు మీద కూర్చున్నాడు. రత్నమ్మ లోపలికిపోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. అతను చేయి అడ్డం పెట్టి, "వద్దమ్మా" అన్నాడు.

రత్నమ్మ ఇంక ఏమీ అడగలేదు. లోపలికి వెళ్ళి ఉడుకుతున్న అన్నం కుండ దించి, పొయ్యి మీద నీళ్ళు చల్లింది. ఒంటిగంటకు ఆనందయ్య బడి నుంచి వచ్చేటప్పటికి వీధి నిండిపోయి ఉంది. పాలయ్య పాస్టరుగారు కూడా వచ్చి, ఎండలో గొడుగు కింద నిలబడి ఉన్నారు.

"రేపు కమిటీ ఆనందయ్యా" అన్నారాయన బాధగా. "ఈపొద్దు నీ వాకిట్లో ఈ మనిషి. నేను పదిమందికి ఏమని చెప్పాల?"

ఆనందయ్య కోటు గుండీలు పెట్టుకొని అరుగు దగ్గరికి వెళ్ళాడు. వచ్చిన మనిషి లేచి నమస్కారం పెట్టి నెమ్మదిగా అడిగాడు.

"ఎప్పుడు తీరుస్తారండీ?"

"నేను తీసుకున్నది కాదప్పా. తీసుకున్నోడు పులివెందులలో కాలు మీద కాలేసుకొని కూర్చోనుంటాడు. పోయి ఆయప్ప వాకిట్లో కూర్చోపో."

"నేను పులివెందుల నుంచే వస్తున్నానండీ."

"అయితే చూసే ఉంటావు. ఆ పార్థసారథి అనేవాడు ఎట్లాంటోడు?"

"రోజూ చూస్తాను, గడ్డం గీసుకునేటప్పుడు. నాకైతే మంచివాడుగానే కనపడతాడు."

వీధిలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆనందయ్యకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"నువ్వు పార్థసారథివా?"

"పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తాను. మీ బాకీ నాలుగొందలకు నేను జామీనంట. ఫోనులో చెప్పినారు. ఆడపిల్ల పురిటికని దాచుకున్నది తీసి మీ అప్పు కట్టాలంటే నాకు కష్టంగా ఉందండీ. మీరు కట్టేదాకా ఇక్కడే కూర్చుందామని వచ్చినాను."

"నా బాకీకి నువ్వు జామీనా? నీ బాకీకి కదప్పా నేను జామీను?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుంపు కూడా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇంతలో రత్నమ్మ గడప దాటి వచ్చింది.

"మీ ఇద్దరిలో దుడ్లు తెచ్చుకున్నదెవురు?"

"నేను కాదు" అన్నాడు ఆనందయ్య.

"నేనూ కాదమ్మా" అన్నాడు పార్థసారథి.

"మరి నువ్వు ఆ సంతకం పెట్టినావాన్నా, ఈయన కాగితం మీద?"

పార్థసారథి తల దించుకున్నాడు. "ఆఫీసులో నా ముందుకొచ్చే కాగితాలన్నీ చదివి సంతకం పెట్టాలంటే ఆఫీసు నడవదమ్మా. పెట్టలేదని ఎట్లా చెప్పేది?"

"ఇద్దరూ ఇద్దరే" అంది రత్నమ్మ. "లెయ్యండి, చేతులు కడుక్కోండి. అన్నం తిందురు."

"ఈపొద్దు ఏకాదశమ్మా. నేను నీళ్ళు కూడా ముట్టను. పొద్దున వద్దన్నది అందుకే."

ఒక క్రైస్తవ కుటుంబం ఆ పూటంతా నిష్ఠగా ఏకాదశి చేసిందని అప్పుడు తేలింది.

ఇంతలో హబీబుల్లా సైకిలు గంట వినపడింది. ప్రొద్దుటూరు నుంచి మళ్ళీ పీపీ కాల్. ఆనందయ్య, పార్థసారథి ముందు నడిచారు. వెనక పాస్టరుగారు, ఆయన వెనక వీధి. ఆనందయ్య ఫోను అందుకొని, జీవితంలో మొదటిసారి బడి బయట గొంతు పెంచాడు.

"పార్థసారథి ఎగ్గొట్టినాడంటివి కదా? ఇదో, ఆయనతోనే మాట్లాడు."

పార్థసారథి రిసీవరు చెవికి పెట్టుకొని, "నమస్కారమండీ, పార్థసారథిని" అన్నాడు. కొంచెం సేపు విని, "పెట్టేసినాడు" అని దించాడు.

విశ్వేశ్వరయ్య కళ్ళజోడు సవరించుకున్నాడు. "మనియార్డరు ఏ పేరుకు చేయమన్నాడండీ అతను?"

ఆనందయ్య, ఫోనులో విన్న పేరు చెప్పాడు. పోస్టుమాస్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ పేరుకా? ఈ నెల మన ఆఫీసు నుంచి ఆ పేరుకు చాలా మనియార్డర్లు వెళ్ళాయండీ."

"ఎవురెవురు పంపినారు స్వామీ?" అని గుంపులో ఎవరో అడిగారు.

"అది చెప్పడానికి రూలు ఒప్పుకోదు" అన్నాడు విశ్వేశ్వరయ్య. "పంపినవాళ్ళకు తెలుసు." అని తల ఎత్తి గుంపునంతా ఒకసారి చూశాడు. ఎవరి మీదా చూపు ఆపలేదు, అది కూడా రూలుకు విరుద్ధమే.

వీధికంతా ఒక్కసారి పనులు గుర్తొచ్చాయి. అందరికంటే ముందు గుర్తొచ్చింది పాలయ్యగారికి. ప్రార్థన కూటానికి వేళయిందన్నారు. మిట్టమధ్యాహ్నం రెండు గంటలకు ఆ సంఘంలో కూటం పెట్టిన జ్ఞాపకం ఎవరికీ లేదు. నాలుగు రోజులుగా బాకీ కట్టనివాడని ఆనందయ్యను చూసి తల తిప్పుకున్నవాళ్ళు చాలామంది, లేని బాకీని చాటుగా కట్టేసి పరువు నిలుపుకున్నవాళ్ళే. కట్టినవాడు పెద్దమనిషి, కట్టనివాడు దొంగ. బాకీ ఉందా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు.

పార్థసారథి బలవంతం మీద ఇద్దరూ పోలీసుస్టేషనుకు పోయి అర్జీ ఇచ్చారు. అక్కడి రైటరు అది చదివి, దుడ్లు పోగొట్టుకున్నోళ్ళు ఎవరని అడిగాడు. ఊళ్ళో విచారిస్తే ఒక్కరూ ఒక్క రూపాయి పంపలేదన్నారు.

"పోనీ, వాడు చెప్పింది అబద్ధమని రుజువు ఉందా?" అన్నాడు రైటరు. "మీరు ఒకరికొకరు జామీను కాదని తేలితే చెప్పండప్పా, కేసు రాస్తా. అర్జీ ఈడే ఉంటుంది."

శనివారం కమిటీ ఆనందయ్యను హెడ్మాస్టరు చేసింది. చర్చ జరగలేదు. పాలయ్యగారు గోడమీది గడియారంతో మాట్లాడుతున్నట్టు తీర్మానం చదివి, తొందరగా ముగించారు. హెడ్మాస్టరు చేతిమీదుగా డబ్బు పోతుంది గనక, సర్కారు జీతగాడు ఎవరైనా ఒకరు అతనికి జామీను సంతకం పెట్టాలని, అది సోమవారం సాయంత్రంలోగా రాకపోతే కుర్చీ తర్వాతివాడికి పోతుందని ఒక వాక్యం చివర ఉంది.

ఆనందయ్యకు అది కష్టంగా తోచలేదు. అతని సంతకం లేని సర్కారు ఉద్యోగి ఇల్లు ఊళ్ళో లేదు. ఆదివారం ఆరాధన కాగానే తాలూకాఫీసు త్రివిక్రమరావుగారింటికి పోయాడు. త్రివిక్రమరావు కాగితం అందుకొని, తెరిచి, చదవడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో ఒక కాగితాన్ని సంతకానికి ముందు చదవడం అదే మొదలు. రెండుసార్లు చదివి, మడిచి తిరిగి ఇచ్చేశాడు.

"ఏమనుకోవద్దండీ. ఈ మధ్య నేను ఎక్కడా సంతకం పెట్టకూడదని అనుకున్నాను."

ఏ ఇంటికి పోయినా అదే మాట. ఊరు మొత్తానికి ఒక్క వారంలో బుద్ధి వచ్చింది, ఆ బుద్ధి మొదటిగా ఆనందయ్య మీద పనిచేసింది. సందె వేళకు అతను ఇంటికి వచ్చి, కోటు విప్పి మేకుకు తగిలించి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సోమవారం పోస్టాఫీసు తలుపు తీసేటప్పటికి రత్నమ్మ గడపలో ఉంది. పాలడబ్బుల్లోంచి తీసిన రూపాయలు బల్ల మీద పెట్టి, పులివెందులకు పీపీ కాల్ పెట్టమంది. మనిషి లైనులోకి వచ్చాక, ఊరంతటికీ వినపడినా ఫరవాలేదని అరిచింది.

"అన్నా, రత్నమ్మను. మా ఆయనకు జామీను కావాల. ఈడ అందరూ చదువుకున్నోళ్ళయిపోయినారు."

మధ్యాహ్నం బస్సుకు పార్థసారథి దిగాడు. అరుగు మీద కూర్చొని, ఆనందయ్య చాపిన కాగితం చదవకుండా సంతకం పెట్టాడు. పెట్టి, సంచిలోంచి ఇంకొక కాగితం తీసి సిగ్గుపడుతూ చాపాడు. సమితి ఆఫీసులో అతనికి క్యాషు పని అప్పజెప్పారు. దానికీ జామీను కావాలి. పులివెందులలో కూడా అందరూ చదవడం మొదలుపెట్టారు.

ఆనందయ్య కూడా చదవలేదు. ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టాడు.

సాయంత్రం అతను కుర్చీలో కూర్చున్నాడు. ఫోనులో ఆ దొంగ చెప్పిన రెండు జామీన్లూ ఇప్పుడు నిజమే కాబట్టి, స్టేషనులో రైటరు ఆ అర్జీని మూసేశాడు.